గురులఘువులు - పడవబరువు



విజయవాడలో బందరు రోడ్డునకును ఏలూరు రోడ్డునకును నడుమ నున్న గవర్నర్‌పేటలో నేను చిరకాలముగా కాపుర మున్నాను. ఇచ్చట వైద్యశాలలును అంగళ్లును గల ఎత్తైన కట్టడములు వీధికి రెండేసి కలవు. మోకాలినొప్పి చూపించుకొనుటకై ఒకనాడు అట్టి కట్టడమునకు పోయి లిఫ్టు నెక్కితిని. లోపలి పలకమీద "8 మంది, 544 కిలోలు" అని చెక్కియుండెను. మేము లెక్కకు సరిగా ఎనమండుగురము. తలుపు మూసికొనుటకు మారుగా గంట మ్రోగ నారంభించెను. లిఫ్టు నడుపు కుఱ్ఱవాడు లోపలికి తొంగిచూచి "ఒక్కరు దిగాలండి, బరువెక్కువైంది" అనెను. మాలో ఒక వర్తకుడు "ఎనిమిదిమందిమేగా ఉన్నాం! బోర్డు మీదా ఎనిమిదే ఉందిగా!" అని వాదమునకు దిగెను. ద్వారమునకు దగ్గఱగా నున్నవాడను నేనే గనుక నేనే దిగితిని. "క్షమించండి మాస్టారూ" అని ఆ కుఱ్ఱవాడు తలుపు మూసెను. గంట ఊరకుండెను, లిఫ్టు పైకి పోయెను.

మెట్లకడ నిలిచి ఆలోచించితిని. పలక అబద్ధ మాడలేదు. గంటయు అబద్ధ మాడలేదు. అట్లయ్యు రెండును ఒకదాని నొకటి కాదనినవి. 544ను 8చే భాగింపగా 68 వచ్చును. మన దేశమున లిఫ్టులకు మనిషి కొక్కింటికి 68 కిలోల చొప్పున లెక్కకట్టుట ఆచారము. ఆఱుగురి లిఫ్టుపై 408 అనియు, పదిమంది లిఫ్టుపై 680 అనియు వ్రాసియుండుట మీరును చూచియే యుందురు. ఆ 68 కిలోల మనిషి యెవడు? నేను ఎనుబదియైదు కిలోలవాడను. నా ప్రక్క నున్న వర్తకుడు నాకంటె స్థూలకాయుడు. మూలను బిడ్డతో నిలిచిన ఇల్లాలు ఏబది యుండవచ్చును. 68 కిలోలవాడు ఆ గదిలో ఒక్కడైనను లేడేమో!

లిఫ్టులో గంట యుండుటచే నాకు మోకాలినొప్పి హెచ్చుట తప్ప మఱే కీడును గలుగలేదు. పడవలో అట్టి గంట యుండదు. 2017వ సంవత్సరము నవంబరు 12వ తేదీ, కార్తికమాసపు ఆదివారము నాటి సాయంకాలము, ఇబ్రహీంపట్నము చేరువను గోదావరి జలము కృష్ణలో కలియు పవిత్రసంగమముకడ యాత్రికుల పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. అందు పెక్కురు ఒంగోలునుండి వచ్చినవారు. ఆ పడవకు అనుమతి లేదనియు, పట్టదగినవారికంటె అధికముగా జనము నెక్కించిరనియు పత్రికలు వ్రాసినవి. రెండేండ్లు నిండకమున్నే, 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరిలో కచ్చులూరుకడ మఱియొక పడవ మునిగెను. అచ్చట నదీవేగము వేఱు, వరద వేఱు. నేను చెప్పబోవు లెక్కను దానికి ముడిపెట్టను. కృష్ణ విషయమున మాత్రము నన్ను బాధించిన మాట యొకటి గలదు. "పట్టదగినవారు" అని యందుము గదా. ఆ సంఖ్యను నిర్ణయించు విద్య యేది? అది యెచ్చట పుట్టినది?

దాని మొదలు మన పండితులకు క్రొత్తది కాదు. ఛందస్సు చదివిన దినములలో మా గురువుగారు నాచే పలకమీద ప్రస్తారములు వ్రాయించెడివారు. గురువనగా బరువైనది, లఘువనగా తేలికయైనది. ఇన్ని యక్షరముల పాదములో ఇన్ని గురువులు వచ్చు తీరు లెన్ని యని అడుగుటయే ఆ గణితము. పింగళుని ఛందస్సూత్రములకు పదియవ శతాబ్దిలో హలాయుధుడు రచించిన వ్యాఖ్యలో దీనికి మేరుప్రస్తారమను ఉపాయము విశదముగా చెప్పబడినది. పైన ఒక గడి గీసి అందు ఒకటి వేయవలెను. దాని క్రింద రెండు గళ్లలో ఒకటి, ఒకటి. దాని క్రింద ఒకటి, రెండు, ఒకటి. ఇట్లు ఏ గడిలో నైనను దానిపై నున్న రెండు గళ్ల మొత్తము వేయుచు దిగవలెను. పాశ్చాత్యులు పదునేడవ శతాబ్దివాడైన పాస్కలు పేర పిలుచు త్రిభుజము ఇదియే.

ఎనిమిదక్షరములది అనుష్టుప్పు పాదము. దానికి వచ్చు వరుస 1, 8, 28, 56, 70, 56, 28, 8, 1. మొత్తము 256. అన్నియు గురువులే యైనది ఒక్కటే తీరు. అన్నియు లఘువులే యైనదియు ఒక్కటే. నాలుగు గురువులు, నాలుగు లఘువులు గలవి 70. నడుమ దట్టము, అంచుల పలుచన. మేరువను పేరు ఊరక పెట్టలేదు.

ఇప్పుడు ఎనిమిదక్షరములకు బదులు లిఫ్టులోని ఎనమండుగురను నిలుపుడు. జనులలో సగము బరువైనవారు, సగము తేలికయైనవారు అనుకొందము. బరువైనవాడు గురువు, తేలికయైనవాడు లఘువు. ఆఱుగురు గాని అంతకంటె ఎక్కువమంది గాని గురువులగు తీరులు 28, 8, 1 కలిసి 37. 256లో 37 అనగా ఇంచుమించు ఏడింట నొకటి. పలక సత్యమే చెప్పినను, ఏడుమాఱులలో నొకమాఱు ఆ పెట్టె గురువులతో క్రిక్కిఱియును. నేను దిగినది ఆ ఏడవమాఱు కాబోలు నని నవ్వుకొంటిని.

మనవారు ఈ మేరువును ఛందస్సునకు వాడి అంతటితో తృప్తిచెందిరి. దానిని ఇంకొక మెట్టు ఎక్కించినవాడు డిమూవర్. ఫ్రాన్సులో ప్రొటెస్టెంటులకు నిలువ నీడ లేనప్పుడు లండనునకు వలసవచ్చి, పిల్లలకు పాఠములు చెప్పియు, జూదరులకు గెలుపోటముల లెక్కలు కట్టియు పొట్టపోసికొన్న పేద పంతులతడు. నా వృత్తివాడగుటచే ఆతనియందు నాకు మక్కువ యెక్కువ. అక్షరములు ఎనిమిది గాక వేయియో రెండువేలో యైనచో గడిగడికి గుణించుటకు ఆయుస్సు చాలదు గదా. అప్పుడు మేరువు అంచు ఏ రూపమున నుండునని ఆతడు ప్రశ్నించుకొనెను. బోర్లించిన గంటవంటి నున్నని వంపుగా నుండునని గణించి, దాని సూత్రమును లాటినులో చిన్న పత్రముగా అచ్చొత్తించి మిత్రులకు పంచెను. ఆ పత్రముపై నున్న తేదీ 1733 నవంబరు 12. పవిత్రసంగమపు దుర్ఘటన జరిగిన తేదీయు అదియే యగుట కాకతాళీయము. అయినను చదివినపుడు నా చేయి ఒకింత ఆగినది.

ఆ వంపునే నేడు మన తెలుగు పాఠ్యపుస్తకములు సామాన్య విభాజన మనుచున్నవి. 1809లో గౌస్ అను జర్మను గణితజ్ఞుడు గ్రహవేధలలోని పొరపాటులు ఈ వంపు ననుసరించునని గ్రహించెను. మఱుసటి యేడు లాప్లాసు అసలు మర్మమును విప్పెను. ఒక్కొక్కటి యెట్టిదైనను, ఒకదానితో నొకటి సంబంధము లేని చిన్న చిన్న భేదములు అనేకము కూడినచో, ఆ మొత్తము ఈ గంటరూపమునే చేరును. పడవ అనగా అట్టి మొత్తమే గదా!

పిమ్మట బెల్జియమువాడు కెట్లే వచ్చెను. ఆతడు బ్రస్సెల్సులో వేధశాల నేర్పఱచిన ఖగోళవేత్త. నక్షత్రములకు వాడుచున్న వంపును మనుష్యుల దేహములకు వాడినవాడతడే. స్కాట్లండు సైనికుల రొమ్ము కొలతలు ఐదువేలకు పైగా తీసికొని, సుమారు 40 అంగుళములు సగటుగా అవి ఇరువైపుల గంటవలె ఒదిగియుండుటను 1846లో ప్రకటించెను. అంతకుమున్నే, 1835లో, "సగటు మనిషి" యను ఊహను లోకమునకు ఇచ్చెను. నా మతమున మేలును కీడును అచ్చటనే కలిసి పుట్టినవి. సగటు మనిషి తినడు, త్రాగడు, బండి యెక్కడు. ఎవరి యింటను పుట్టలేదు. అట్టివానిని అధికారులు తెచ్చి పడవలో కూర్చుండబెట్టిరి. వాని వెంట రావలసిన వంపును మాత్రము ఒడ్డుననే విడిచిరి.

ఈ విద్యలో మన ప్రాంతమునకును భాగము గలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో బళ్లారి సీమయందలి హడగలిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదువుకొనిరి. ఇందు నూజివీడును నందిగామయు మనకు ఎంత దూరము? ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది, ఉద్యోగము వెదకికొనుచు కలకత్తాకు పోయి, 1941లో మహలనోబిస్‌గారు నెలకొల్పిన గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. ఆ సంస్థవారికి మనుష్యుల కొలతలు ముఖ్యవిషయము. సంయుక్తరాష్ట్రములలో, అనగా నేటి ఉత్తరప్రదేశమున, 1941లో సేకరించిన దేహముల కొలతలను పరిశీలించి వ్రాసిన గ్రంథమున రావుగారు భాగస్వాములు. 1946లో కేంబ్రిడ్జికి పోయి సూడానులో త్రవ్వితీసిన పురాతనపు అస్థిపంజరముల కొలతలను లెక్కించిరి. 1948లో ఫిషరుగారి శిష్యులై పట్టము నందిరి. 2023లో తమ నూట మూడవయేట గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానమును పొంది, ఆ యేడే ఆగస్టులో అస్తమించిరి. మన పిల్లలకు సినిమా తారల పేర్లు పదియైనను తెలియును. ఈ పేరు తెలిసినవారు నా తరగతులలో ఒకరిద్దఱే.

ఇక లెక్కకు వత్తము. కృష్ణ యొడ్డున మా మేనమామగారి లంకగ్రామమున ఆ నడుమ రేవునకు క్రొత్త పడవ కట్టించిరి. కట్టినవారు ఇచ్చిన కాగితములో 40 మంది, 2720 కిలోలు అని యుండెను; ఇదియు మనిషికి 68 చొప్పుననే. గ్రామపెద్దలు పలకమీద ఏమి వ్రాయింపవలెనో చెప్పుమని నన్ను పిలిచిరి.

మొదట సగటు కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆహారపు లెక్కలకై ఆదర్శముగా గ్రహించు భారతీయ పురుషుని బరువును 2020లో 60 నుండి 65 కిలోలకు పెంచిరి. అది ఉండదగిన బరువేగాని ఉన్న బరువు కాదు. అయినను ఆరంభమునకు 65 తీసికొందము. రెండవది చెదరు. ఒక్కొక్కరు సగటునుండి ఎంత దూరమున నుందురో కొలుచు దీనిని క్రమవిచలన మందురు. ఉదాహరణకు 12 కిలోలు అనుకొందము. అనగా మూడింట రెండువంతుల జనము 53కును 77కును నడుమ నుందురు.

ఇచ్చటనే చమత్కారము. ఎనమండుగురు కూడినపుడు సగటు ఎనిమిదిరెట్లై 520 అగును. చెదరు మాత్రము ఎనిమిదిరెట్లు గాదు. ఒకని బరువును మఱియొకని తేలిక కొంత తీర్చును గనుక, ఎనిమిదికి వర్గమూలమైన 2.83 రెట్లే పెరిగి 34 అగును. 544కును 520కిని గల యెడము 24. ఆ 34లో ఇది ఏడుపాళ్లు. గంటవంపు పట్టికలో చూచిన, పరిమితి దాటు సంభావ్యత నూటికి 24. అనగా నాలుగుమాఱు లెక్కిన ఒకమాఱు గంట మ్రోగును! మేరుప్రస్తారమున వచ్చిన ఏడింట నొకటి ఉజ్జాయింపు. ఇది దానికంటె సూక్ష్మమైన లెక్క.

పడవకు ఇదే లెక్క వేయుదము. నలువదిమందికి సగటు 2600, చెదరు 76, పరిమితికి యెడము 120. దాటు సంభావ్యత నూటికి 6 మాత్రమే. జనసంఖ్య పెరిగినకొలది సగటు నమ్మదగినదగుచున్నది. ఇది విని గ్రామపెద్ద యొకరు "అయితే మనకు భయం లేదన్నమాట" అనిరి. నేను ఆగుమంటిని.

సగటు 65 గాక 70 అయినచో? తిండి మాఱినది, నడక తగ్గినది. అట్లగుట వింత కాదు. అప్పుడు నలువదిమంది సగటే 2800. పరిమితిని 80 దాటియే యున్నది. దాటు సంభావ్యత నూటికి 85! ఏ సంఖ్యాబాహుళ్యము నిన్నటివఱకు కాపాడెనో అదియే నేడు ఉరియగుచున్నది. ఎనమండుగురి లిఫ్టులో ఈ సంభావ్యత 68 మాత్రమే, నలువదిమందిలో 85. సగటు తప్పైనచో, ఎందఱు ఎక్కిన అంత నిశ్చయముగా తప్పుదుము.

ఇది నా ఊహ కాదు. 2004 మార్చి 6వ తేదీన అమెరికాలో బాల్టిమోరు రేవున ఒక చిన్న పడవ పెనుగాలికి తలక్రిందై ఐదుగురు మరణించిరి. అందున్నది 25 మందియే. అనుమతిపత్రమున నున్నదియు 25 మందియే. మా లిఫ్టు కథయే యిది. దశాబ్దములనాడు ఏర్పఱచిన నియమము ప్రకారము స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి యెక్కు పడవలకు మనిషికి 140 పౌండ్లు, అనగా 63 కిలోలన్నర, లెక్క. విచారించినవారు తూచి చూడగా ఆనాటివారి సగటు 168 పౌండ్లు. పడవపై పడిన అధికభారము 700 పౌండ్ల ప్రాంతము. విచారణ ముగిసి నియమము మాఱకమున్నే, మఱుసటి యేడు అక్టోబరు 2వ తేదీన, జార్జి సరస్సులో మఱియొక పడవ మునిగి, అందున్న 48 మందిలో ఇరువదిమంది వృద్ధయాత్రికులు మరణించిరి. అచ్చటను సంఖ్య పరిమితి లోపలనే యున్నది. ఆ పిమ్మట, 2011లో, ఆ సగటును 185 పౌండ్లు చేసిరి. జనుల దేహములు ఏటేట పెరుగుచుండగా కాగితముమీది మనిషి ఏండ్ల తరబడి చిక్కియే యుండెను.

పరిమితి దాటినంతనే పడవ మునుగదని మీ రనవచ్చును. నిజమే. కట్టినవారు కొంత విడుపు ఉంచియే కట్టుదురు. ఆ విడుపు గాలికి, అలకు, మలుపునకు ఉద్దేశించినది. దానిని మనుష్యులతో నింపినచో గాలికి మిగులున దేమి? ఇంకొక చిక్కు గలదు. నా లెక్కలో ఒకని బరువునకు మఱియొకనితో సంబంధము లేదని అనుకొంటిమి. ఒక పెండ్లివారి గుంపో, కుస్తీపట్టు పట్టు యువకుల జట్టో ఒకేమాఱు ఎక్కిన ఆ మాట చెల్లదు. గురువులన్నియు ఒకే పాదమున పడును. ధాన్యపు బస్తాలు, తడిసిన బట్టలు వేఱే. జార్జి సరస్సున పడవ ఒరగగా జనులందఱు ఒకే ప్రక్కకు జారిరి; హారతి వెలుగు కనబడగానే మనవారును ఒకే ప్రక్కకు లేతురు. అప్పుడు ఎంత బరువనుటకంటె ఎచ్చటి బరువనుటయే ముఖ్యము. దానికి ఈ వంపు సమాధానము చెప్పదు.

మా మేనమామగారి యూరి అరుగుమీద సుద్దతో వేసి చూపితిని. సగటు 70 అనుకొని, వేయిమాఱులలో ఒకమాఱుకంటె ఎక్కువగా పరిమితి దాటరాదన్న, 36 మందికి లెక్క 2742 వచ్చుచున్నది, చెల్లదు. 35 మందికి 2669, చెల్లును. కావున 35 అని వ్రాయింపు డంటిని. రేవుపాట పాడుకొన్న ఆసామి లేచి "ట్రిప్పుకు ఐదుగురి కూలి పోతుంది గదండీ పంతులుగారూ, పాట సొమ్ము నేనెట్లా కట్టేది?" అనెను. ఆతని మాట త్రోసివేయదగినది కాదు. పెద్దలు చాలసేపు తర్జనభర్జన పడి, పాట సొమ్ములో కొంత తగ్గించుట కొప్పుకొనిరి.

అంతవఱకు మాటాడని ముసలి పడవవాడు అప్పుడు నోరు విప్పెను. "నేను తలకాయలు లెక్కపెట్టనండీ. నీళ్లు ఎందాకా వచ్చాయో చూస్తానండీ." ప్లిమ్సాలు అను పార్లమెంటు సభ్యుని పట్టుదలచే 1876లో ఇంగ్లండు ఓడల ప్రక్కన గీత గీయుట చట్టమయినది, ఈ ముసలివాడు ఆ పేరు వినియుండడు. గీత తూచునది సగటు మనిషిని గాదు, ఎక్కినవారినే. లిఫ్టులోని గంట చేయు పనియు అదియే.

ఆ వేసవిలో పలకపై 35 అని వ్రాయించి, పడవకు ఇరుప్రక్కల ఎఱ్ఱరంగుతో గీత గీయించిరి. కార్తికమాసమున నేను పోయినపుడు రేవు క్రిక్కిఱిసి యుండెను. ముసలివాడు ఒంగి గీతవంక చూచి, నావంక చూచి, ఏమియు ననక చేయి యడ్డముగా చాపెను. నేను ముప్పదియాఱవవాడను. మఱల పడవ వచ్చువఱకు ఒడ్డుననే కూర్చుంటిని.